కణత మీద జెల్

అమ్మాయీ, తప్పులుంటే సర్దుకుని చదువు. ఈ నాలుగు ముక్కలకే చాలాసేపు పట్టింది. ముసలితనంలో నేర్చిన అక్షరాలు, దానికి తోడు వణికే చెయ్యి.

పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. నేను స్కానింగ్‌కు ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఈ వణుకు పార్కిన్సన్స్ జబ్బో కాదో తేల్చడానికి కణత దగ్గర అల్ట్రాసౌండ్ పెట్టి మెదడు చూస్తారట. మీ అమ్మకు ఇదే పరీక్షయితే సెలవు పెట్టి మరీ వెళ్లావు. కణతకు రాసిన జెల్‌ను నీ రుమాలుతో తుడిచావు. నాకేమో "టాక్సీ పిలవనా అత్తయ్యా?" అన్నావు. కుళ్లుకున్నాను, దాచను. ఆవిడకు ఏమీ లేదని తేలినందుక్కూడా కుళ్లుకున్నాను.

నువ్వేం రానక్కర్లేదు.

మీ అత్తయ్య, అరవై ఏడేళ్లు, నువ్విది చదివేసరికి స్కానింగ్ గది బయట బెంచీ మీద.

రుమాలు తీసుకెళ్లడం లేదు.