మంగ చెప్పిన నో

2004 జూలై, గురువారం

ఇవాళ ఇంగ్లీషు క్లాసులో మంగ నోరు విప్పింది. వచ్చే వారం మస్కట్‌కి ఇంటిపనికి వెళ్తోంది. రెండు నెలలుగా నేనేం చెప్పినా, అర్థమైనా కాకపోయినా, "ఆయ్" అనడమే. అక్కడ కూడా ప్రతిదానికీ ఇలాగే తలూపేస్తుందేమోనని నాకు ఒకటే దిగులు.

పెద్దవాళ్ళకి బొమ్మల సినిమాతో ఇంగ్లీషు నేర్పడం ఏమిటని మొదట్లో నేనే మొహమాటపడ్డాను. ఇవాళ టీవీ సౌండు తీసేసి, ఎలుగుబంటి మాటలు నేను, దాని ఇంట్లో పనిచేసే కుందేలు మాటలు మంగ చెప్పాలన్నాను. కుందేలు వంటంతా చేసి అప్పుడే తినడానికి కూర్చుంది. ఎలుగుబంటి చీపురు చూపించింది.

"క్లీన్ ద హౌస్," అన్నాను.

మంగ తెరకేసి చూసింది. "నో సర్. ఐ ఈట్. ఆఫ్టర్, క్లీన్."

అందరూ నవ్వేరు. "ఎలుగుబంటిని సర్ అంటావేంటే?" అంది కాట్రేనికోన నుంచి వచ్చే లక్ష్మి.

"జీతమిచ్చేది ఆయనే కదా," అంది మంగ.

ముచ్చటేసింది. కానీ బొమ్మకి చెప్పడం వేరు, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పడం వేరు కదా అనిపిస్తూనే ఉంది. వెళ్ళేటప్పుడు, "రేపు ఓ గంట ముందు రా మంగా," అన్నాను.

"ఆయ్" అనబోయి ఆగింది. "నో మేడమ్. రేపు మా పాపకి నేనే జడలేస్తానని చెప్పేనండి."

"ఆయ్," అన్నాను నేను.