ఇలా ఇవ్వండి మేడమ్

12 సెప్టెంబర్ 2007, బుధవారం

మా ఇంట్లో నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే పనీపాటా లేదని అర్థం. తమ్ముడు సుకుమార్ కూర్చుంటే చదువుకుంటున్నాడని అర్థం. నిన్న సాయంత్రమంతా వాడు కార్ల రేసు ఆడాడు. అమ్మ రెండుసార్లు టీ ఇచ్చింది.

నేను ఎం.సి.ఏ. పాసయి యేడాది. వాడింకా గూడెంలో ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. అయినా ఆదివారం చర్చి అయ్యాక అమ్మ అందరికీ ఏం చెప్పింది? కొల్లేటి ఒడ్డు స్కూల్లో కంప్యూటర్లన్నీ మావాడే పెట్టాడండీ, రమ్యని ఊరికే తోడు పంపాం, ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తుంది అంది.

తోడట! విండోస్ కొనే స్తోమత లేని ఆ స్కూల్లో ఐదు డొక్కు మెషీన్లకి డబ్బు కట్టక్కర్లేని లినక్స్ ఎక్కించింది నేను. వాడు ఆ పూటంతా భీమడోలు స్టేషన్ దగ్గర తిన్న పునుగుల గురించి మాట్లాడాడు.

15 సెప్టెంబర్

ఆ స్కూల్లో ప్రసన్నకుమారి గారని సోషల్ టీచర్. నలభై దాటాయి. కంప్యూటర్ క్లాసు కూడా ఆవిడే చెప్పాలన్నారు కరస్పాండెంట్ శేషగిరిరావు గారు. చిల్డ్రన్స్ డేకి పేరెంట్స్ ముందు చేసి చూపించాలి. చేతకాకపోతే, జనవరి నుంచి మీరు కాస్త విశ్రాంతి తీసుకుందురు గానిలెండమ్మా అన్నారట. ఉద్యోగం పీకెయ్యడానికి ఎంత మెత్తటి మాట! నిరుడు ఆపరేషన్ కొల్లేరని సర్కారువాళ్లు ఆవిడ వాళ్ల చేపల చెరువు గట్లు కొట్టేశారు. ఇప్పుడా ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోంది. విశ్రాంతట.

శనివారాలు నేను వెళ్లి ఆవిడకి నేర్పుతున్నాను. ఇవాళ ఆవిడ మార్కులు టైప్ చేస్తూ పొరపాటున మౌస్ చక్రం తిప్పారు. తెర మీద అన్నీ మాయం. ఈ లినక్స్‌లో ఒక తెర వెనక ఇంకో మూడు తెరలుంటాయి. చక్రం తిరిగితే మనం వాటిలో ఒకదానికి పోతాం. ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, నేను పక్క గదిలోంచి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు. చచ్చిపోయిందాండీ అని అడిగారు.

16 సెప్టెంబర్

ఆ మూడు తెరలూ తీసేస్తానన్నాను. అదే కదక్కా దీని పవరు అన్నాడు సుకుమార్. అర్థం కానివాళ్లు విండోస్‌కి పోవచ్చట. గూడెంలో వాడి లినక్స్ గ్రూపు మగపిల్లలందరిదీ ఇదే పాట. తమకి వచ్చింది ఇంకొకరికి రాకపోతేనే వీళ్లకి అన్నం సహిస్తుంది.

29 సెప్టెంబర్

ఆ తెరలు తీసేశాను. తెర అడుగున గుర్తులుండే పట్టీకి తాళం వేశాను. లేకపోతే ఒక్క రైట్ క్లిక్‌తో పట్టీ మొత్తం ఎగిరిపోతుంది. కొత్తవాళ్ల చేతికి అలాంటిది ఇచ్చిన మహానుభావుడెవరో!

పేర్లు కూడా మార్చాను. బ్రౌజర్ పేరు ఎపిఫనీ. ప్రసన్నకుమారి గారు చాలాసేపు చూసి, ఎపిఫనీ జనవరిలో కదండీ వస్తుంది, ఇప్పుడెందుకు పెట్టారు అని అడిగారు. చర్చి కేలెండరులో పండగ అనుకున్నారు. నవ్వాను గాని, ఆవిడ తప్పేముంది? ఇప్పుడు తెర మీద మార్కులు, ఉత్తరం, బొమ్మలు అని తెలుగులో మూడే ఉన్నాయి.

6 అక్టోబర్

సుకుమార్ కూడా వచ్చాడు. ఆవిడ ఫోల్డర్ వెతుక్కుంటుంటే వెనకనుంచి వంగి, ఇలా ఇవ్వండి మేడమ్ అని మౌస్ లాగేసుకున్నాడు. టకటకా నాలుగు నొక్కి, చూశారా, ఎంత ఈజీయో అన్నాడు. ఆవిడకి కనిపించింది వాడి మోచెయ్యి.

మా వైపు లాక్కునేటప్పుడు కూడా అండీ అంటారు. ఆ అండీ వింటే ఇవాళ కంపరం పుట్టింది.

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను. ఆవిడ ఒక్క క్లిక్కు చెయ్యడానికి పట్టే సేపు చూస్తూ ఊరుకోవాలంటే ప్రాణం పోతుంది. పోనీ.

3 నవంబర్

ఇవాళ ఆవిడ పెన్‌డ్రైవ్ పెట్టారు, కాపీ చేశారు, తీశారు. ఒక్కసారీ నా వైపు చూడలేదు.

14 నవంబర్, రాత్రి

రోత. రోత. రోత.

నిన్న నాకు చెప్పకుండా సుకుమార్ స్కూలుకి వెళ్లాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ వాడికీ తెలుసు. అది ఉంటే ఆ మెషీన్లలో ఏదైనా పెట్టొచ్చు, ఏదైనా తీసెయ్యొచ్చు. తీసేసిన తెరలన్నీ మళ్లీ తెచ్చి, వాటిని ఒక డబ్బాలా గిరగిరా తిప్పే ఆర్భాటం ఎక్కించాడు. పేరెంట్స్ ఇంప్రెస్ అవుతారని.

ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చారు. మార్కులు తెరిచారు. డబ్బా ఒక చుట్టు తిరిగింది, ఆ పాత మెషీన్ తట్టుకోలేక తెరంతా తెల్లబోయింది. వెనకనుంచి ఎవరో, మా టీవీ కూడా ఇంతేనండీ, నెత్తిన ఒక్కటి ఇవ్వండి, వస్తుంది అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కంగారుపడలేదు. ఒక్క నిమిషం ఆగండీ అని, మళ్లీ స్టార్ట్ చెయ్యడానికి సరైన బటన్ మీదే చెయ్యి పెట్టారు. నేను చూశాను.

సుకుమార్ స్టేజి ఎక్కాడు. ఇలా ఇవ్వండి మేడమ్.

బాగుచేశాడు. పాడుచేసినవాడికి బాగుచెయ్యడం ఎంతసేపు? చప్పట్లు. శేషగిరిరావు గారు మైకులో, పాపం మేడమ్ గారు సోషల్ బాగా చెబుతారండీ అన్నారు. మళ్లీ నవ్వులు. నా చేతిలో లడ్డూ పెట్టారు. కిటికీలో పెట్టేసి వచ్చాను.

15 నవంబర్

శేషగిరిరావు గారు ఇంటికి ఫోన్ చేశారు. జనవరి నుంచి ప్రసన్నకుమారి గారి స్థానంలో కంప్యూటర్ టీచర్‌గా నన్ను పంపమన్నారు. బాబు చదువయ్యేదాకా అమ్మాయిగారు చూసుకుంటారు, తర్వాత బాబుకే ఇచ్చేద్దామండీ అన్నారట. అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. తమ్ముడి పుణ్యమా అని నీకూ ఒక దారి దొరికింది అంది.

అది పాడుచేసిందే వాడు అన్నాను. వాడి మంచి నీకెప్పుడు కనపడింది గనక అంది. సుకుమార్‌ని నిలదీశాను. ఆవిడకి సారీ చెప్పానక్కా, చాలా మర్యాదగా చెప్పాను అన్నాడు.

17 నవంబర్

స్కూలుకి వెళ్లి వాడి డబ్బా పీకేశాను. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చే చోటు తెరిచి ప్రసన్నకుమారి గారిని కూర్చోమన్నాను. ఐదింటికీ ఆవిడే కొత్తది టైప్ చేశారు. అంతసేపూ నేను గోడ మీది ఇండియా మ్యాప్ వైపు తిరిగి నిలబడ్డాను.

ఇక అక్కడ ఏం పెట్టాలన్నా తియ్యాలన్నా సుకుమార్ అయినా నేనైనా ఆవిడనే అడగాలి. స్కూలు మార్కులన్నీ వాటిలోనే ఉన్నాయి గనక అంతా చెరిపేసి మళ్లీ ఎక్కించే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ సంగతి శేషగిరిరావు గారికి తనే చెబుతానన్నారు ఆవిడ.

జనవరిలో నేను చేరను.