మా బండి గేరు రాడ్డు, నా శపథం

సోమవారం

ముందుగా ఒక సవరణ. "అమ్మమ్మా, గేరు రాడ్డు విరగ్గొట్టావటగా" అన్నావు నిన్న ఫోనులో. విరగ్గొట్టలేదు. మలుపు దగ్గర అదే పుటుక్కున నా చేతిలోకి వచ్చింది. నువ్వు పుట్టకముందు నుంచీ నేను నడుపుతున్న పికప్ ట్రక్కు. ముసలిదాని కీలు ఊడితే విరగ్గొట్టారనరు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నావు, మాట సరిగ్గా వాడు.

మీ నాన్న షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంకెందుకండీ అత్తయ్యగారూ ఈ బండి? ఆదివారం ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. మీరెక్కడికి వెళ్లాలన్నా నేను దింపుతాను కదా."

దింపుతాడు. తనకు తీరికైనప్పుడు. ఇకమీదట శనివారం సంతకు నేను తీసుకెళ్లే పూల మొక్కలు కూడా అల్లుడిగారి తీరిక చూసుకుని పూయాలి కాబోలు.

"ఆదివారంలోపు నా చేత్తో రాడ్డు మార్చి, వీధి చివరిదాకా నడిపి చూపిస్తాను. మెకానిక్కు చెయ్యి పడితే తాళంచెవి నీదే!" అన్నాను.

సాయంత్రానికి కొత్త రాడ్డు వచ్చేసింది. సరంజామా: స్పానర్లు, గ్రీజు, పాత గుడ్డ, రెండు జతల కళ్లద్దాలు. గంట పని!

మంగళవారం

పది: రబ్బరు తొడుగు తీశాను. కింద మూత. నొక్కి తిప్పాలి. నొక్కాను, తిప్పాను. మూత కింది స్ప్రింగు ఎగిరిపోయింది!

పదకొండు: స్ప్రింగు లేదు.

పన్నెండు: దొరికింది. మీ తాతయ్య టీ గ్లాసులో. సగం తాగాక చూసుకున్నారు.

"ఏమోయ్, టీలో ఇనుము వేశావా?"

"మీకు రక్తం తక్కువని డాక్టరు చెప్పలేదూ?"

పాత మోడు పీకి, కొత్త రాడ్డు దించి, మూత బిగించాను. పాత ముక్కలు చెత్తబండికి ఇచ్చేశాను. విజయం! చేతులకున్న గ్రీజు కడుక్కోకుండా మీ నాన్న ముందు రెండుసార్లు తిరిగాను.

బుధవారం

మొదటి గేరు వేశాను. పిడికిలి వెళ్లి డాష్‌బోర్డుకు కొట్టుకుంది. మళ్లీ వేశాను. మళ్లీ కొట్టుకుంది. కణుపులు వాచాయి.

కొట్టువాడు వేరే బండి రాడ్డు అంటగట్టాడు, సందేహం లేదు. ఫోను చేసి కడిగేశాను. పక్క సీట్లో మీ తాతయ్య కళ్లు మూసుకునే, "పాతది మనవైపు వంగి ఉండేది. ఇది అటు వంగింది" అన్నారు. ఈ బండి ఎక్కిన ప్రతిసారీ గుర్రుపెట్టిన మనిషి సాక్ష్యం!

"మీరు కలగంటున్నారు."

"ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా" అని మళ్లీ పడుకున్నారు.

గురువారం

వాన. వానలో ఇనుము ముట్టుకోకూడదు. ఎవరు చెప్పారని అడక్కు.

మధ్యాహ్నం వాన వెలిసింది. అప్పుడు మోకాలు పట్టుకుంది.

అయినా మనిషికి మొదటి గేరు అంత అవసరమా? సాయంత్రం నేరుగా రెండో గేరులో కదిలించాను. బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. అయిదోసారి కదిలి గేటుదాకా వెళ్లింది. గేటు వీధి చివర ఉంటే బాగుండేది.

శుక్రవారం

మెకానిక్కు ఫోను చేశాను. ఊరికే, పిల్లలు బాగున్నారా అని. వాళ్లావిడ ఎత్తింది. ఆయన పెళ్లికి వెళ్లాడట, సోమవారం గానీ రాడట. కాబట్టి నా శపథం చెక్కుచెదరలేదు.

శనివారం

సంతకు వెళ్లలేదు. మొక్కలకు నీళ్లు పోశాను. అమ్ముడుపోవాల్సిన పూలు గుమ్మం ముందే రాలాయి. మీ నాన్న టేపు పట్టుకుని షెడ్డు కొలుస్తున్నాడు, తన కారు పడుతుందో లేదోనని.

"నిలువుగా పెట్టుకో, పడుతుంది" అన్నాను. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం

కొనేవాడు వచ్చాడు. భారీ మనిషి, వేలికి పెద్ద రాయి ఉంగరం. తాళంచెవి నా చేతిని ఒక పట్టాన వదల్లేదు. గ్రీజు వల్ల.

ఎక్కాడు. స్టార్టు చేశాడు. మొదటి గేరు.

"అబ్బా!"

ఇంకోసారి.

"అమ్మో!"

దిగి వేలు ఊదుకుంటూ, "ఇది కొడుతోందండీ" అని వెళ్లిపోయాడు.

మీ నాన్న లోపలికి తొంగి చూశాడు. "అత్తయ్యగారూ, రాడ్డు ముందుకు వంగి ఉందేంటండీ? వెనకది ముందుకు పెట్టి బిగించారా?"

ముప్ఫై ఏళ్లు పిల్లలకు జామెట్రీ చెప్పిన దాన్ని. కోణం చూశాను. చాలాసేపే చూశాను.

"నేను బుధవారమే చెప్పాను" అన్నారు మీ తాతయ్య.

"నిద్రలో చెప్పినవి లెక్కలోకి రావు."

మీ నాన్న తల పట్టుకున్నాడు. "సరే అత్తయ్యగారూ, వచ్చే ఆదివారం ఇంకొకాయన వస్తాడు. మీ పందేనికి అప్పటిదాకా గడువు."

ఇలాగే ఉంచేస్తే ఎంతమంది వచ్చినా బండి తన్ని పంపిస్తుంది. ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను. కానీ ఇలాగే ఉంటే సంతకు వెళ్లేదెలా? కనుక కొత్త శపథం: రాడ్డు ఇటు తిప్పి బిగించడం. నా చేత్తోనే. శనివారానికి మొక్కలు సంతలో ఉండాలి. గంట పని!

నువ్వు శుక్రవారం వచ్చేటప్పుడు బస్టాండు పక్కన ఇనప సామాన్ల కొట్లో ఒక స్ప్రింగు తీసుకురా. కొలతకు ఈ పేజీ చివర మూత అంచు చుట్టూ పెన్సిలుతో గీశాను, ఫోటో పంపుతాను. ఇందాక మూత నొక్కి తిప్పాను. మీ తాతయ్య టీ గ్లాసులో చూశాను. ఈసారి అందులో లేదు. ఒకటి కాదు, రెండు తీసుకురా.