చీరె పేలిక కట్టిన బీరకాయలు

అమ్మా,

ఇయ్యాల నీ సంవత్సరీకం. పెరట్ల బీరతీగ బాగ కాసింది. నువ్వు బూడిద కలిపి డబ్బాలో దాచిన గింజలే మృగశిరలో పెట్టిన. డబ్బాలో ఇంక గింజల్లేవు.

విత్తనానికి విడిచిన కాయను ఎవరూ తెంపకుండా నువ్వు చీరె పేలిక కట్టేదానివి. ఏ కాయను విడవాలో నేనెన్నడూ అడగలేదు. మొదటిదా, లావుదా? ఎటూ తేలక, నీ పచ్చచీరె చింపి కనబడ్డ కాయకల్లా కట్టిన.

"తీగ మనింట్ల, బీరకాయలు కొనుడేమో అంగట్ల," అని నీ అల్లుడు నవ్విండు.

పొద్దున కొత్తకోట నుంచి నీ చెల్లె, చిన్నమ్మ వచ్చింది. తీగను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదేందే, తీగకు బతుకమ్మ చీరె పెట్టినవా? ఒక్క కాయన్న తిన్నవా?"

"లేదు చిన్నమ్మా, విత్తనానికని..."

"మా అక్క ముందుగాల ఒకటి కోసి రుచి చూసేది. చేదు తీగైతే ఆ విత్తనం ఏం జేసుకుంటవ్?"

అది నాకు తట్టనే లేదు. లేత కాయ తెంపి, ముక్క కోసి నాలుక మీద పెట్టుకున్న. చిన్నమ్మ నా మొహమే చూస్తాంది. చేదు లేదు. నమ్మకం కుదరక ఇంకో ముక్క తిన్న. అదీ తియ్యగనే ఉంది.

ఒక్క కాయకు పేలిక ఉంచి, మిగతావన్నీ విప్పిన. ముదరనివి ఏరి పెసరపప్పు వేసి వండిన. పొట్టుతో తొక్కు నూరిన.

నీకు పెట్టేది ముందుగా రుచి చూడొద్దంటరు. ఉప్పు సరిపోయిందో లేదో తెల్వకుండానే నీ విస్తర్ల పెట్టిన.