చేతికి తెలిసిన మిస్సింగ్

షార్జా

అన్నయ్యకు తమ్ముడు శ్రీను నమస్కారాలు. నువ్వూ వదినా పాపా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. వేళకు తింటున్నాను. వదిన నమ్మదు కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను, వేళకే తింటున్నాను.

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వుకోకు. ఫోనులో నా మాట నీకు వినపడక వదిన నీ చెవి దగ్గర మళ్ళీ అరిచి చెప్పాల్సి వస్తోంది. ఈ సంగతులు అలా వదిన నోటి మీదుగా నీకు చేరడం నాకిష్టం లేదు. నీకు వినికిడి బాగా తగ్గిందనీ, ఇంజన్ శబ్దం తెలియనివాడికి షెడ్డెందుకని నువ్వు నందిగామలో మన మెకానిక్ షెడ్డు ఖాళీ చేసేస్తానంటున్నావనీ వదిన చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. పైన తింటున్నానని రాసింది అబద్ధమే, వదినకు చెప్పకు.

ఇక్కడ ఎండ సంగతి రాయను, నందిగామలో పుట్టినవాడికి ఎండేం కొత్త? ఉక్కపోతే చంపుతోంది. శుక్రవారం సెలవు. ఆ రోజు గదిలో అందరూ నిద్రపోతారు. నాకు మాత్రం బైపాస్ మీద టీ కొట్టూ, జగ్గయ్యపేట నుంచి వచ్చే సిమెంటు లారీలూ, బానెట్ కింద తల దూర్చి నన్ను తిట్టే నువ్వూ గుర్తొస్తారు. తిట్టేవాళ్ళు లేకపోతే పని చేసినట్టే ఉండదన్నయ్యా.

ఈ మధ్య జరిగిన ఒక సంగతి నీకు చెప్పాలి. ఇక్కడి వాళ్ళు పెద్ద పెట్రోలు పికప్పు ట్రక్కులు కొని, ఇసుక దిబ్బలెక్కడానికి వాటికి ఇంకా బలం పెట్టించుకుంటారు. అలాంటిదే ఒక బండికి ఇక్కడి షెడ్డులో మేం ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో బిగించాం. వెడల్పాటి సైలెన్సర్ పెట్టాం, కంప్యూటర్లో ట్యూనింగ్ మార్చాం. కొత్త ప్లగ్గులు మాత్రం నేనే వేశాను. షెడ్డులో నడిపితే బంగారంలా ఉంది. దిబ్బ ఎక్కబోతే మిస్సింగ్, ఇంజన్ దెబ్బ తప్పుతోంది. తన్నుకుంటూ వెనక్కి వచ్చేస్తోంది.

స్కానర్ పెడితే ఒకసారి మూడో సిలిండర్ అంటుంది, ఇంకోసారి ఏడోది అంటుంది. మా ఫోర్‌మన్ కురియన్, కేరళ ఆయన, మంచివాడే, ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్స్ అన్నీ మార్పించాడు. ట్యాంకులోని పెట్రోలు పంపు మార్పించాడు. ఫలితం లేదు. చెవి పెట్టి విందామంటే ఆ కొత్త సైలెన్సర్ మోతకు పక్కనున్న మనిషి మాటే వినపడదు. ఆ రోజు నేనూ చెవిటివాణ్ణే అన్నయ్యా.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. "ఖాళీ బండి అబద్ధమాడుద్దిరా. లోడు మీద దాన్ని పట్టుకుని చూడు" అనేవాడివి. నాలుగు ఇసుక మూటలు వెనకాల వేసి, కురియన్‌ను నడపమని, నేను పక్కన కూర్చుని గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. ఒక సిలిండరే చచ్చిపోయి ఉంటే దెబ్బ వరస తప్పకుండా తగలాలి. ఇక్కడ వరసా పాడూ లేదు. టర్బో గాలి తోసినప్పుడే పోతోంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే సర్దుకుంటోంది. ఈదురుగాలిలో అగ్గిపుల్ల గీసినట్టే, ప్లగ్గులో నిప్పు పుట్టీపుట్టగానే ఆరిపోతోంది. ప్లగ్గు మొనల మధ్య, మామూలు ఇంజన్‌కు పుస్తకంలో రాసిన గ్యాపే నేను పెట్టాను. అంత గాలికి ఆ గ్యాప్ ఎక్కువ. తప్పు నాదే.

షెడ్డుకు వచ్చి ప్లగ్గులన్నీ ఊడదీసి గ్యాప్ తగ్గించాను. ఎంతకో తెలుసా? నువ్వు పాత జీపులకు కొలత పెట్టే హాక్సా బ్లేడు మందానికి. గేజీతో కూడా చూశాననుకో, దాదాపు అంతే వచ్చింది. బండి ఒక్క తన్ను తన్నకుండా దిబ్బెక్కింది. "ఎవరు నేర్పారు?" అని కురియన్ అడిగాడు. మా అన్నయ్య అన్నాను.

ఒకప్పుడు జీపు ఓనరు ముందు నేను, "ఇంకా బ్లేడు పెట్టి చూస్తావేంది అన్నయ్యా, నలుగురూ నవ్వుతారు" అన్నాను. బ్లేడు తుడిచి జేబులో పెట్టుకున్నావు. ఇన్నేళ్ళూ అది నా మనసులో ముల్లులా ఉంది. నన్ను క్షమించు.

ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమని ఓనరు కాగితం ఇచ్చాడు. నేను పెట్టలేదు. పెట్టనని చెప్పేశాను. చలికాలం మొదలయ్యేసరికి నా గడువు అయిపోతుంది. నీకోసం త్యాగం చేస్తున్నానని అనుకోవద్దు. నాకే ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు. అలా వచ్చినప్పుడు షెడ్డు తలుపు మూసి ఉంటే నేనెక్కడికి పోవాలి? ఇంటికి పోతే అన్నం వదిన పెడుతుంది, కాదనను. పని మాత్రం నీ పక్కనే చెయ్యాలి.

పాప బాగా చదువుతోందా? దాని కొత్త ఫొటో ఒకటి పంపమను. ఎవరైనా ఇటు వస్తుంటే వదిన చేతి కందిపొడి కాస్త పంపించు. జగ్గయ్యపేట పెద్దమ్మ కాళ్ళకు నా తరపున దండం పెట్టి దీవెన అడుగు. నీ దీవెన ఎలాగూ ఉంటుంది, అయినా అడుగుతున్నాను.

నీ చెవులు పోయింది ఇంజన్ల దగ్గరే, నాకు పని నేర్పుతూ ఆ మోతలో నిలబడే. ఇక వినడం నా వంతు. నేనొచ్చేదాకా ఆ బండ్ల మీద నుంచి చెయ్యి మాత్రం తియ్యకు.

నీ తమ్ముడు,
శ్రీను