ఐనో ఆంటీ పీరక్కలు

ఎడిన్‌బర్గ్,
నవంబరు 2013

ప్రసన్న పిన్నికి,

ఇక్కడ చలి ముదిరింది గానీ మేం కులాసాగానే ఉన్నాం.

మా కింద ఫ్లాట్‌లో ఉండే ఐనో ఆంటీది ఫిన్లండు. చేతులు వణకడం మొదలయ్యాక ఆవిడ వంట మానేసింది. తనకెంతో ఇష్టమైన పీరక్కలు చేయడం నాకు నేర్పింది. రై అనే ఇక్కడి ధాన్యం పిండిని పల్చగా వత్తి, పాలలో ఉడికిన అన్నం మధ్యలో పెట్టి, అంచులు మడిచి ఓవెన్‌లో కాల్చాలి. మొదట్లో నావన్నీ విచ్చుకుపోయేవి. నువ్వు నేర్పిన కజ్జికాయల మడత వేశాకే నిలిచాయి.

నిన్న చర్చిలో ఫిన్లండు వాళ్లంతా కాఫీకి కలిస్తే, ఆంటీతో పాటు నేనూ ఒక ట్రే నిండా పట్టుకెళ్లాను. ఒకావిడ కొరికి చూసి, "అబ్బ, ఎంత బాగున్నాయో! ఎవరు చేశారు?" అని నన్నడిగింది. ఆంటీ చేతులు ఒళ్లో దాచుకుని నావైపు చూసింది.

"ఆంటీయే చేశారు. నేను గిన్నెలు కడిగానంతే" అన్నాను.

ఆంటీ నిటారుగా కూర్చుంది. "క్రిస్మస్‌కి మీ అందరికీ చేసిపెడతాను" అని మాట కూడా ఇచ్చేసింది.

ఇక నా పని అయిపోయినట్టే, పిన్నీ! అయినా ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. అమ్మకు మాత్రం వీటి మీద గుడ్డు కలిపిన వెన్న రాస్తారని చెప్పకు.

ప్రేమతో,
నీ అక్క కూతురు