అవ్వ ఏడిస్తే కథ పాస్

1969 ఫిబ్రవరి 17, సోమవారం

బడికి ఇంకా తాళమే. గేటు మీద మా పిల్లలు సున్నంతో రాసిన 'జై తెలంగాణ' నినాదాలు — తప్పులు ఐదు. బయట నిలబడి లెక్కపెట్టి వచ్చాను. పాఠం లేని టీచరుకు వేరే పనేముంది.

ఇంటికొస్తే యాదగిరన్న. ఒకప్పుడు చేవెళ్ల టూరింగ్ టాకీసులో మిషన్ తిప్పినవాడు, ఇప్పుడు మొయినాబాద్ పటేల్ దగ్గర 'ప్రొడక్షన్ మేనేజర్'. పటేల్ సినిమా తీస్తాడట. ఎప్పుడూ మద్రాసోళ్లే తీయాల్నా, మనోళ్లు తీయొద్దా అని ఊరేగింపులో ఎవరో అన్నారట. పటేల్ ఇంటికి పోయి, చెప్పులు విప్పకముందే కంపెనీ పెట్టాడు. కథలు కుప్పలుగా వస్తున్నాయి. చదివి ఏది మంచిదో చెప్పే మనిషి కావాలి.

"నువ్వు చర్చిల వాక్యం సదువుతుంటే ఇన్న టీచరమ్మా. గొంతు సాఫ్ ఉన్నది."

మా బాపు మంచం మీది నుంచే — "సినిమానా? మన ఇంట్లనా?"

వస్తానని చెప్పేశాను. బాపు అలిగి అన్నం ముట్టలేదు... చేపల పులుసని తెలిశాక ముట్టాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

మొయినాబాద్. పటేల్ ఇంటి పైగది. తలుపు మీద బోర్డు: స్టోరీ డిపార్ట్‌మెంట్. డిపార్ట్‌మెంటంటే నేను, ఒక కుర్చీ, ఒక నాలుగు కాళ్ల పీట. కుర్చీ నాది. పీట కథ చెప్పవచ్చే రచయితలది. దానికి ఒక కాలు పొట్టి. మరమ్మతు చేయించమంటే యాదగిరన్న నవ్వాడు. "గట్లనే ఉండాలె. ఎక్కువసేపు కూసోరు."

నియమాలు చెప్పాడు. నేను చదివి కాగితం మీద అభిప్రాయం రాయాలి. పనికొచ్చేవి పటేల్ తల్లికి చదివి వినిపించాలి. అందరూ ఆమెను అవ్వ అంటారు. పటేల్ పక్కనే కూర్చుని అవ్వ ముఖం చూస్తాడు. కథ వినడు. అవ్వ కంటనీరు పెడితే కథ పాస్. కునుకు తీస్తే ఫెయిల్.

"మరి నా అభిప్రాయం?"

"అది ఫైలుకు."

ఆఖరి నియమం — చదివేటోళ్లు కథ రాయొద్దు. "రాస్తే నీ కథ నువ్వే పాస్ జేసుకుంటవ్. అసొంటోళ్లను పటేల్ మెట్లు దింపుతడు, మళ్ల ఎక్కనియ్యడు."

తల ఊపాను. అప్పటికే నా కథ నా సంచిలో ఉంది.

ఫిబ్రవరి 20, గురువారం

డైరీ, నీకు తప్ప ఎవరికి చెప్పను? నాలుగేళ్లు రాశాను ఆ కథ. కనకమామిడిలో మా అమ్మమ్మ మంత్రసాని. చుట్టుపక్కల ఎన్ని గడపలు తొక్కిందో ఆమెకే తెలియదు. ముచ్చట్లన్నీ నాకు చెప్పేది, పేర్లు మాత్రం చెప్పేది కాదు. "ఎవలింట్లనో అడగకు బిడ్డా. పురుడు పోసిన చేతులకు నోరు ఉండొద్దు" అనేది. ఆమె పోయి ఆరేళ్లు. ఆ ముచ్చట్లలో ఒకటి కథ చేశాను. అమ్మమ్మ నడక, అమ్మమ్మ తిట్లు, మన మాట — ఒక్కసారి తెర మీద చూడాలి. దేవుణ్ణి ఇంకేమీ అడగను. (అడుగుతాను. ఇది అయ్యాక.)

మొదటి పేజీ మీద 'కె. ప్రకాశరావు, కనకమామిడి' అని రాసి కుప్ప అడుగున దూర్చాను.

ఫిబ్రవరి 24, సోమవారం

మొదటి చదువు. మధ్యాహ్నం చాయ్ అయ్యాక, మూడింటికి. ఒక పోస్టుమాస్టరు రాసిన కథ. నలభై పేజీలు బంగళా, పియానో, విరహం. అవ్వ ఆవలించింది. పటేల్ ముఖం వాడిపోయింది. నలభై ఒకటో పేజీలో ఎందుకో ఒక ఎద్దు చచ్చింది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పటేల్ లేచి నిలబడ్డాడు. "ఎద్దు! ఎద్దుకాడ ఏడ్సింది! రాసుకో టీచరమ్మా!"

రాసుకున్నాను: ఎద్దు. కింద నా అభిప్రాయం — 'పియానో ఉన్న ఇంట్లో ఎద్దు ఎందుకుందో రచయిత చెప్పలేదు.' ఫైలుకు పోయింది.

ఫిబ్రవరి 25, మంగళవారం

యాదగిరన్న బస్టాండు హోటల్లో చాయ్ తాగాడు. అంటే ఎద్దు సంగతి చేవెళ్లకు, షాబాద్‌కు కూడా తెలిసిపోయినట్టే.

ఫిబ్రవరి 27, గురువారం

ఏడు కథలు వచ్చాయి. ఏడింటిలోనూ ఎద్దు చస్తుంది. ఒకదానిలో హీరో పెద్ద డాక్టరు, ఆపరేషన్ ఎద్దుకు. పట్వారీ గారి కథలో జత — ఒకటి పాము కరిచి, రెండోది ఆ దిగులుతో. ఇంకొకాయన వెనక్కి పోయిన కథనే మళ్లీ తెచ్చాడు. 'తల్లి' అన్న చోటల్లా కొట్టేసి 'ఎద్దు' అని రాశాడు. ఇప్పుడు ఎద్దు హీరోను దగ్గరికి తీసుకుని, "నాయనా, వేళకు తిను" అంటుంది.

పీట మీద ఊగుతూ అడిగాడాయన — "మేడం, గా సీన్ల ఏడుపొస్తున్నదా?"

వస్తున్నదన్నాను. అబద్ధం కాదు.

ఇంట్లో చెబితే బాపు మొహం అటు తిప్పుకున్నాడు. సినిమా ముచ్చట వినడట. చేయి కడుక్కునేటప్పుడు మాత్రం మెల్లగా — "ఆ పట్వారి రెండో ఎద్దు... సచ్చిందా, బతికిందా?"

మార్చి 1, శనివారం

పటేల్ కథ మధ్యలో పొలానికి పోయాడు. అవ్వ, నేను. అప్పుడే హీరోయిన్ పెళ్లి, అంతా సంతోషం. అవ్వ కళ్ల నుంచి ధారలు.

"ఏమైందవ్వా? ఇక్కడ ఏడవడానికేం లేదు కదా?"

"కథకు కాదు బిడ్డా. మూడు గొట్టంగనే కండ్లు కారుతయి. ఏడాది సంది గిట్లనే. పొద్దుగాల మంచిగనే ఉంటయి."

"పటేల్‌కు చెప్పి దవాఖానకు పోవద్దా?"

అవ్వ కొంగు మడత పెట్టుకుంటూ కూర్చుంది. "చెప్తే దవాఖానకు తోలుతడు. మందు ఇప్పిస్తడు. మల్ల తన పనికి తను పోతడు. గిప్పుడైతే దినాం వచ్చి పక్కన కూసుంటున్నడు. నా మొకం దిక్కు సూస్తున్నడు. నలభై ఏండ్లల గింతసేపు ఎన్నడు సూసిండు వాడు?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ కొడుకు మీద కోపం, నవ్వు, రెండూ వచ్చాయి.

మార్చి 2, ఆదివారం

చర్చిలో వాక్యం చదువుతుంటే ఎద్దు అన్న మాట వచ్చింది. ఆగిపోయాను. బాపు వెనక బెంచీ నుంచి గట్టిగా దగ్గాడు. దగ్గు కాదని నాకు తెలుసు.

మార్చి 4, మంగళవారం

రెండు రోజులుగా ఒకటే ఆలోచన. నా కథ మూడింటికి మొదలుపెడితే చాలు. చాకలి పద్దు చదివినా పాసయ్యే వేళ అది... ఎవరికి తెలుస్తుంది? అవ్వకు తెలుస్తుంది. నాకు తెలుస్తుంది.

మార్చి 5, బుధవారం

బంద్. బస్సులు ఎప్పుడు తిరుగుతాయో ఎవరూ చెప్పలేరు. యాదగిరన్న కబురు — శుక్రవారం ఎడ్లబండి పంపుతాడు, చీకటి పడేలోపు నేను ఇల్లు చేరాలి కనుక చదువు పదకొండింటికే. పదకొండింటికి అవ్వ కళ్లు పొడి. బస్సులు నడిచేదాకా నా కథను ఆపుకోవచ్చు.

ఆపను. అమ్మమ్మ కథ కళ్లజబ్బు మీద గట్టెక్కొద్దు.

మార్చి 6, గురువారం

నా కథ మీద నేనే అభిప్రాయం రాయాలి. పొద్దంతా పట్టింది. 'అద్భుతం' — కొట్టేశాను. 'ఫరవాలేదు' — మనసొప్పలేదు. చివరికి: 'రచయితకు అనుభవం తక్కువ. ఎద్దు లేదు.'

మార్చి 7, శుక్రవారం

ఆరింటికి బండి ఎక్కితే పదింటికి మొయినాబాద్. దారిలో ఎడమ ఎద్దు కాస్త కుంటింది. ప్రభువా, ఈ ఒక్క రోజు దీన్ని చావనీయకు అని వేడుకున్నాను.

చదివాను. పెద్ద ఇల్లు. లోపల నొప్పులు. గడపలో ఇంటాయన, తలకు ఎర్ర రుమాలు చుట్టుకుని, పంచాంగం తెప్పిస్తాడు. ఇంకో రెండు గడియలు ఆగితే మంచి ఘడియట, ఆపమంటాడు. మంత్రసాని ఆయన చేతికి గొడ్డలి ఇస్తుంది — "గడియలు నీకు దొరా, లోపలున్నోనికి కాదు. కట్టెలు కొట్టు, నీళ్లు కాగాలె." పంచాంగం చంకలో పెట్టుకుని ఆయన కట్టెలు కొడతాడు. బిడ్డ పుడతాడు. మంత్రసాని తెచ్చి చేతిలో పెడుతుంది. మంచి ఘడియలో పుట్టాడో లేదో చూద్దామని ఆయన వంగుతాడు. బిడ్డ ఉచ్చ పోస్తాడు, సూటిగా ఎర్ర రుమాలు మీద.

అవ్వ కట్టెల దగ్గర చిన్నగా నవ్వింది. రుమాలు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత అదీ ఆగలేదు. మంచం కోడు పట్టుకుని నవ్వింది, కళ్ల నుంచి నీళ్లు కారేదాకా.

పటేల్‌కు ఏమీ అర్థం కాలేదు. "ఏడుస్తున్నదా?"

"నవ్వుతున్నది పటేలా."

"నీళ్లున్నయి గదా?" యాదగిరన్న వైపు చూశాడు. యాదగిరన్న నా వైపు చూశాడు. నవ్వితే ఏమిటో నియమాల్లో లేదు.

అవ్వకు ఊపిరి తిరిగింది. "ఆ రుమాలు నేనే ఉతికిన్రా! మీ నాయినది! పోసింది నువ్వే!"

ఏ ఇల్లో అమ్మమ్మ ఎన్నడూ చెప్పలేదు. నేనే తెచ్చి ఆ ఇంట్లో చదివాను!

పటేల్ చాలాసేపు తల తడుముకున్నాడు. "గిది బయటోనికి ఎట్ల ఎరుక?"

"ఆ దినం ఇంట్ల ముగ్గురమే," అంది అవ్వ. "మీ నాయిన పాయె. నేను నోరిప్పలే. ఇగ మంత్రసానే."

మెట్లు దింపుతాడనుకున్నాను. పటేల్ గొంతు సవరించుకున్నాడు. "అయితే... హీరో నేనేనా?"

"బిడ్డ వేషం పటేలా."

"పెద్దయినంక లేదా?"

"కథలో లేదు."

"రాయించాలె. యాదగిరీ, సోమవారం ఆ ప్రకాశరావును తోలుకరా. టీచరమ్మా, నువ్వు కుర్చీల కూసో, వాన్ని పీట మీద కూసోవెట్టు. మా ఇంటి ముచ్చట వానికెట్ల దొరికిందో గట్టిగ అడుగు."

బయల్దేరుతుంటే అవ్వ నా చేయి పట్టుకుంది. అరచేయి తిప్పి చూసింది. "మీ అమ్మమ్మది ఏ ఊరన్నవ్ బిడ్డా?"

"చెప్పలేదవ్వా."

"అవ్, చెప్పలే," అని వదిలేసింది. తర్వాత చెవి దగ్గరగా — "పొద్దుగాలనే వచ్చి కూసున్నడు ఇయ్యాల. సూసినవా?"

మార్చి 8, శనివారం

యాదగిరన్న సైకిలు మీద కనకమామిడి గల్లీలన్నీ తిరిగాడట. ప్రకాశరావు లేడు. ప్రకాశం అని ఒకడు దొరికాడు, కోళ్లు అమ్ముకుంటాడు, చదువు రాదు. సినిమా కథ నువ్వే రాశావా అని అడిగితే, కాసేపు ఆలోచించి, "అవ్, నేనే" అన్నాడట. సోమవారం వస్తాడట. కొత్త అంగీ కుట్టిస్తున్నాడట.

నాలుగేళ్లు రాసిన కథ! కోళ్లాయనకు!

నోరు విప్పితే మెట్లు దిగాలి, కథ కూడా నాతోనే దిగుతుందేమో. విప్పకపోతే అమ్మమ్మ ముచ్చట ప్రకాశం పేరు మీద తెరకెక్కుతుంది. అమ్మమ్మా, పేరు నేను చెప్పలేదు. ఇల్లు తానే దొరికింది. నన్ను తిట్టకు.

మార్చి 9, ఆదివారం

చర్చి నుంచి వస్తూ బాపు — "మీ అమ్మమ్మ తిట్లు రెండు విడిచిపెట్టినవ్."

ఆగిపోయాను.

"సదివిన. నువ్వు ఇంట్ల లేనప్పుడు." నాలుగడుగులు నడిచాడు. "సినిమా పాపమే. ఎవనిదో పేరు పెట్టుడు ఇంకింత పాపం."

మార్చి 10, సోమవారం

పది దాటింది. పైగదిలో నేనొక్కదాన్నే. కుర్చీ కిటికీ పక్కన ఖాళీగా ఉంది. రచయితల పీట మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఊగుతోంది... అక్షరాలు వంకర పోతున్నాయి.

కింద వాకిట్లో ప్రకాశం గొంతు. "నా కథల ఎద్దు సస్తదవ్వా, మస్తు ఏడ్పిస్తది." అవ్వ నవ్వు వినబడుతోంది. పటేల్ ఏదో అంటున్నాడు. యాదగిరన్న పిలుస్తున్నాడు — "టీచరమ్మా, రచయిత వచ్చిండు! పైకి తోలుకొస్తున్న!"

ఫైలులోంచి నా కథ మీద నేను రాసిన అభిప్రాయం కాగితం తీశాను. నాలుగు మడతలు పెట్టి పొట్టి కాలు కింద దూర్చాను. ఇప్పుడు పీట కదలడం లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముగ్గురివి... కాదు, నలుగురివి. అవ్వ కూడా ఎక్కుతోంది.